కారులోని పాటల పెట్టె: గృహిణులు తెలిసికొనదగిన సంగతులు

మోటారుకారు నేడు మన కుటుంబములకు మరియొక గది వంటిదైనది. పిల్లలను బడికి దింపుట, పెద్దలను వైద్యుని యొద్దకు గొనిపోవుట, పెండ్లిపేరంటములకు వెళ్లుట, అన్నియు దానిలోనే జరుగుచున్నవి. పెక్కిండ్లలో స్త్రీలే దానిని నడుపుచున్నారు. ఆ గదిలోనికి ఏ వస్తువు రావలెనో, దానికెంత సొమ్ము వెచ్చింపవలెనో నిర్ణయించుటలో గృహిణికి మాట యుండవలెను గదా! కాని పాటల పెట్టె విషయము వచ్చుసరికి, "అది మగపిల్లల సరదా, మనకేమి తెలియును" అని మనలో ననేకులు ఊరకుందురు.

గుణదల మొదలుకొని పటమట వరకు బెజవాడలో ఏ వీథిని జూచినను, కారు కొన్న ఇంట కొన్నాళ్లకు ఈ ప్రస్తావన వచ్చుచునే యున్నది. కంపెనీవారు అమర్చి యిచ్చిన స్టీరియో చాలదనియు, ధ్వనివర్ధకము, అనగా యాంప్లిఫయరు, పెట్టింపవలెననియు కుమారుడో మరదియో పట్టుపట్టును. ఒక్క పూటలో పని ముగియునని దుకాణదారు చెప్పును. ఆ పూటలో చక్కగా చేసిన పని యేండ్ల తరబడి ఆనందము నిచ్చును. ఒక చిన్న ఫ్యూజు మరచినయెడల అదే పని కారునే అగ్నిపాలు చేయగలదు. కనుక దీని మర్మమును మనమును కొంత యెరిగి యుండుట మేలు.

పూర్వకథ

కారులో రేడియో పెట్టుట నిన్న మొన్నటి సంగతి కాదు. అమెరికాలోని షికాగో నగరమున గాల్విన్ సోదరులు 1930 సంవత్సరమున కారుకు తగిన రేడియోను తయారుచేసి మోటరోలా యని పేరిడిరి. 1932లో జర్మనీయందు బ్లౌపుంక్ట్ సంస్థవారును అట్టిదానిని అమ్మకమునకు దెచ్చిరి. అప్పటి రేడియోలు గాజుబుడ్లవంటి వాల్వులతో పనిచేసెడివి. వాల్వులకు హెచ్చు వోల్టేజి కావలెను. కారు బ్యాటరీయో, నాడు సాధారణముగా 6 వోల్టులది మాత్రమే. అందుచేత ఆ కొద్ది వోల్టేజిని హెచ్చించు ఉపకరణమును గూడ రేడియోలో ఇమిడ్చిరి. ఈ చిక్కును జ్ఞాపకముంచుకొనుడు. నేటి యాంప్లిఫయరు రహస్యమును ఇందులోనే యున్నది.

మన బెజవాడలో ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైనది. పిమ్మట చాలకాలము రేడియో యనగా నట్టింటి బల్లమీది వస్తువే. కార్లలోనికి క్యాసెట్టు 1968లోను, కాంపాక్టు డిస్కు 1984లోను ప్రపంచమున ప్రవేశించెను. నేడు సెల్‌ఫోనులోని పాట తీగ లేకయే కారు స్పీకరులో పలుకుచున్నది. పాట వచ్చు దారి యెన్నిసార్లు మారినను, స్పీకరును కదల్చుటకు వలయు శక్తి మాత్రము బ్యాటరీనుండియే రావలెను.

పెట్టెమీది అంకె, లోపలి నిజము

కొత్త స్టీరియో డబ్బామీద "50 వాట్లు × 4" అని పెద్ద యక్షరములతో నుండును. ఇది క్షణకాలము చూపగల గరిష్ఠసంఖ్య; నిలకడగా నిచ్చు శక్తి కాదు. ఎట్లనగా, ఇంటి మిద్దెమీది నీటితొట్టిని తలచుకొనుడు. తొట్టి యెంత యెత్తున నుండిన కుళాయిలో నీరు అంత వేగముగా బడును. విద్యుత్తునకు వోల్టేజి అట్టి యెత్తు. ఓములనెడి నిరోధము కుళాయి సన్నదనము. ఇంజను నడుచునప్పుడు కారులో దొరకునది సుమారు 14.4 వోల్టులు. స్పీకరు నిరోధము సాధారణముగా 4 ఓములు. ఈ రెంటితో లెక్క గట్టినచో, ఏ నష్టమును లేకున్నను ఒక్కొక్క స్పీకరునకు 26 వాట్లకు మించి శుద్ధమైన ధ్వనిశక్తి రాదు. వాస్తవమున 18 మొదలు 20 వాట్లు వచ్చిన గొప్ప.

యాంప్లిఫయరు చేయు పని యిదియే: తనలోని ఉపకరణముతో బ్యాటరీ వోల్టేజిని హెచ్చించుకొని, అనగా తొట్టిని మరియొక మిద్దె పైకెత్తి, స్పీకరునకు అధికశక్తి నిచ్చును. కొనునప్పుడు పెద్ద యక్షరముల అంకెను విడిచి, "ఆర్.ఎమ్.ఎస్." అను గుర్తు ప్రక్కనున్న చిన్న యంకెను చదువవలెను. అదియే నిలకడయైన శక్తి.

మరియొక సంగతి. శక్తి రెండింతలైనంత మాత్రమున ధ్వని రెండింతలు కాదు; పెరుగుదల 3 డెసిబెలులే, చెవి దానిని కొంచెముగానే గుర్తించును. ధ్వని రెండింతలుగా దోచుటకు శక్తి సుమారు పదింతలు కావలెను. అట్లయిన యాంప్లిఫయరు వలన లాభమేమి? మృదంగపు దెబ్బ, నాదస్వరపు ఉచ్ఛస్థాయి వచ్చునప్పుడు చిన్న స్టీరియోకు శక్తి చాలక స్వరము చిట్లును. యాంప్లిఫయరు ఉన్నచో ఆ ఘట్టమును తొణకక దాటును. దాని నిజమైన ప్రయోజనము గట్టితనము కాదు, స్పష్టత.

ముందు దేనికి సొమ్ము?

సొమ్ము పరిమితముగా నున్నప్పుడు మొదట స్పీకర్లను మార్చుట మంచిది. పిదప తలుపులలోని పలుచని రేకునకు లోపలివైపున బ్యూటైల్ పట్టీ నంటించినచో రేకు అదరుట మాని, మంద్రస్వరము నిండుగా వినవచ్చును. కాని తలుపులోనికి దిగిన వాననీరు బయటికి బోవు రంధ్రములను మూయరాదు. యాంప్లిఫయరు మూడవ మెట్టు. చాలమందికి మొదటి రెండు మెట్లతోనే తృప్తి కలుగుచున్నది.

కొత్త కార్లలో స్టీరియోను ఊరక పెకలింపరాదు. వెనుకకు నడుపునప్పటి కెమేరా, స్టీరింగుమీది మీటలు దానితో ముడివడి యుండును. అట్టి కార్లలో కంపెనీ స్టీరియోను అట్లే యుంచి, దాని స్పీకరు తీగల నుండి ధ్వనిని గైకొని, కన్వర్టరను చిన్న సాధనము ద్వారా యాంప్లిఫయరున కందింపవచ్చును. ఇట్లు చేసినను గ్యారంటీ చెల్లునా యని షోరూమువారిని ముందుగా అడిగి, వ్రాతమూలకముగా జవాబు తీసికొనుడు.

తీగల అమరిక

పని ఆరంభించుటకు ముందు బ్యాటరీ నెగటివు కొననుండి తీగను విప్పవలెను. ఇచట స్త్రీలకు ప్రత్యేకముగా చెప్పదగిన మాట యొకటి కలదు. బంగారు గాజులు, ఉంగరములు ధరించిన చేతిని బ్యాటరీ దగ్గర పెట్టరాదు. 12 వోల్టులు మనుష్యుని కొట్టవు, నిజమే. కాని బ్యాటరీ పాజిటివు కొనకును కారు ఇనుపభాగమునకును నడుమ గాజు తగిలినయెడల క్షణములో ఎర్రగా గాలి చేతిని దహించును.

యాంప్లిఫయరునకు శక్తి నిచ్చు తీగ స్టీరియో వెనుకనుండి రాదు. బ్యాటరీ పాజిటివు కొననుండి నేరుగా రావలెను. ఆ తీగమీద, బ్యాటరీకి మూరెడు దూరములోపల, ఫ్యూజు ఉండితీరవలెను. ఏలయన, ఇంజనుగదినుండి లోపలికి వచ్చు దారిలో రేకు అంచు తీగతొడుగును కోసినయెడల, బ్యాటరీలోని శక్తి అంతయు ఆ చోటనే ప్రవహించి తీగ కాలి మంట పుట్టును. దగ్గరలో ఫ్యూజున్నచో అది కరగిపోయి మంటను పుట్టనీయదు. ఫ్యూజు యాంప్లిఫయరు చెంతనే యున్నచో నడిమి తీగకు రక్షణ లేనట్లే. రేకునకు రంధ్రమున్న చోట రబ్బరు వలయము తొడుగుటయు మరవరాదు.

ఫ్యూజు పరిమాణమునకు లెక్క యిట్లుండును. నాలుగు స్పీకర్లకు 50 వాట్ల చొప్పున మొత్తము 200 వాట్లు ఇచ్చు పాతరకపు యాంప్లిఫయరు, సగము శక్తిని వేడిమిగా పోగొట్టుకొనునది కనుక, బ్యాటరీనుండి 400 వాట్లు గైకొనును. 400ను 13.8 వోల్టులచే భాగించిన సుమారు 29 ఆంపియరులు. దీనికి 30 ఆంపియరుల ఫ్యూజు, ఆ ప్రవాహమును సులువుగా మోయు లావైన తీగ కావలెను. "డి" తరగతి యాంప్లిఫయరు ఇంతకన్న తక్కువ వృథా చేయును. మాటిమాటికి ఫ్యూజు పోవుచున్నదని పెద్ద ఫ్యూజు వేయుట, ఇంటిలో కట్టెలు పేర్చి కావలివానిని పంపివేయుట వంటిది.

తీగ కొనుటలో మోసమునకు తావు కలదు. రోల్డుగోల్డు నగ వలె, అల్యూమినియముమీద రాగిపూత పోసిన తీగలు బజారున విరివిగా దొరకును. అవి శుద్ధమైన రాగి మోయు విద్యుత్తులో సుమారు మూడింట రెండు వంతులు మాత్రమే మోయును. ఒక పోగును బ్లేడుతో గీకి చూడుడు. లోపల తెల్లగా నున్నచో అది పూతతీగ.

నెగటివు తీగ పొట్టిగా నుండవలెను. కారు ఇనుపభాగముపై రంగును గీకి, మెరయు లోహమునకు మరతో బిగింపవలెను. రంగుమీదనే బిగించినచో ఇంజను వేగముతోపాటు హెచ్చుచు తగ్గుచు "కుయ్" మను కూత స్పీకరులో వినవచ్చును. ఆ కూతకు తరచుగా ఇదియే కారణము. స్టీరియోనుండి ధ్వనిని దెచ్చు సన్నతీగలను లావుతీగకు దూరముగా, కారులో రెండవ ప్రక్కన నడిపించినచో ఆ చిక్కు మరింత తగ్గును.

ఇక స్టీరియో వెనుకటి రంగులు. దుకాణమున దొరకు స్టీరియోలలో సాధారణముగా పసుపు తీగ ఎల్లప్పుడు శక్తి గలది, ఎరుపు తాళము త్రిప్పినప్పుడే, నలుపు నెగటివు. నీలముమీద తెల్లచార గలది యాంప్లిఫయరును మేల్కొలుపు తీగ. స్టీరియో నిద్రించినప్పుడు యాంప్లిఫయరును నిద్రింపజేయునది యిదియే. దీనిని పసుపుతీగకు గలిపినచో రాత్రియంతయు యాంప్లిఫయరు మేల్కొనియుండి, తెల్లవారునప్పటికి బ్యాటరీని ఖాళీ చేయును. కారు తీగల రంగులు వేరుగా నుండును గనుక, వానిని కత్తిరింపక, ఆ కారునకు తగిన కప్లరునే వాడుమని నిర్బంధింపుడు.

ఎండ, వరద

బెజవాడ యెండలు మనకు క్రొత్త కావు. మూసియున్న కారులో వేడిమి బయటికన్న మిక్కుటముగా నుండును. యాంప్లిఫయరును తివాచీక్రింద కప్పిపెట్టక, గాలి యాడుచోట నుంచవలెను. సీటుక్రింద పెట్టుట వాడుకయే గాని అందును అపాయమొకటి కలదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి నగరములోని పలు పేటలను ముంచినప్పుడు ఎన్నియో కార్లు నీటిపాలైనవి. నీరు జొచ్చిన కారులో మొదట తడియునవి నేలమీది వస్తువులే. అట్టి కారునకు తాళము త్రిప్పకుడు. మొదట బ్యాటరీ నెగటివు తీగను విప్పించి, తీగలన్నియు ఆరిన పిమ్మట పరీక్ష చేయింపుడు.

పసివారి చెవులు

కారు చిన్న పెట్టె. స్పీకరు చెవికి మిక్కిలి చేరువ. పెద్దలు వారమునకు 40 గంటలు 80 డెసిబెలుల ధ్వనిని వినవచ్చుననియు, పిల్లలకు 75 డెసిబెలులే మేరయనియు ప్రపంచారోగ్యసంస్థ 2019లో ప్రకటించెను. ప్రతి 3 డెసిబెలుల హెచ్చుదలకు వినదగు కాలము సగమగును. చెవిలోని సూక్ష్మకణములు ఒకసారి నశించిన మరల మొలవవు. వెనుకసీటున పసిబిడ్డ యున్నప్పుడు వెనుక స్పీకర్ల ధ్వనిని తగ్గించి ముందువైపునకు త్రిప్పుట తల్లి చేయదగిన సులభమైన పని. మన ఆనందము ఇరుగుపొరుగువారికి బాధ కారాదు. 2000 సంవత్సరపు ధ్వనికాలుష్య నిబంధనల ప్రకారము నివాసస్థలములందు మేర పగలు 55, రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటల వరకు 45 డెసిబెలులు.

యాంప్లిఫయరుమీద "గెయిన్" అను మర యుండును. అది ధ్వనిని హెచ్చించు మర కాదు; స్టీరియోకును యాంప్లిఫయరునకును పొత్తు కుదుర్చునది. స్టీరియో ధ్వనిని ముప్పాతిక వరకు పెంచి, గెయినును మెల్లగా త్రిప్పుచు, స్వరము చిట్లిన చోట ఆగి, కొంచెము వెనుకకు త్రిప్పవలెను. దానిని కొసవరకు త్రిప్పి విడుచుటచేత స్పీకర్లు చెడిపోవుచున్నవి.

దుకాణమున అడుగవలసినవి

ఆటోనగరములోనైనను మరెచటనైనను మీరు స్వయముగా నిలిచి యడుగుడు: ఫ్యూజు బ్యాటరీకి ఎంత దూరమున నున్నది? అది ఎన్ని ఆంపియరులది? తీగ శుద్ధమైన రాగియేనా? రేకు రంధ్రమునకు రబ్బరు తొడిగితిరా? నెగటివు తీగ క్రింద రంగు గీకితిరా? కారు తీగలు వేనినైన కత్తిరించితిరా? ఎయిర్‌బ్యాగు తీగల జోలికి పోలేదు గదా? నిజమైన పనివాడు ఈ ప్రశ్నలకు సంతోషించి, ఒక్కొక్కటి చూపించును. విసుగుకొనువానికి తాళపుచెవి ఇయ్యకుడు.

బియ్యములో రాళ్లేరినట్లు, పాలు పొంగక ముందే మంట తగ్గించినట్లు, ఇదియు గృహిణి కన్నుపెట్టదగిన పనియే. వెచ్చించిన సొమ్ము పాటయై నిలుచుటయు, పొగయై పోవుటయు ఆ మూరెడు తీగలో నున్నది. దానిని చూచినపిమ్మట కుటుంబమంతయు కూర్చుండి, నిశ్చింతగా మంచి పాట వినవచ్చును.