తీరిక వేళల వ్యాసకర్తలు

కొమర్రాజు లక్ష్మణరావు గారి ఉద్యోగం మునగాల సంస్థానంలో దివాన్ గిరీ. శిస్తులు, దావాలు, రాజావారి వ్యవహారాలు చూసుకుంటూనే 1906లో మిత్రులతో కలిసి విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించారు. చరిత్ర, సైన్సు పుస్తకాలు తెలుగులో రాయించి అచ్చువేశారు. అది చాలదన్నట్టు విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్నారు. సంపుటాలు వెలువడ్డాయి గానీ, 'అ' అక్షరం దాటకముందే 1923లో ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 46 ఏళ్ళు.

ఆ సర్వస్వం పూర్తికాలేదని బాధపడేవాళ్ళే ఎక్కువ. నాకు మాత్రం అది ఒక ఉద్యోగస్థుడు తీరిక వేళల్లో చేసిన పని అన్న సంగతి మీదికే మనసు పోతుంది. ఆ తరవాత కూడా తెలుగులో విషయం విడమరచి చెప్పే వ్యాసం చాలావరకు అలాంటివాళ్ళ చేతుల్లోనే పెరిగింది. మహీధర నళినీమోహన్ ఢిల్లీలో జాతీయ భౌతిక ప్రయోగశాలలో శాస్త్రవేత్త. ప్రయోగశాల పని ఆయన జీవనం, తెలుగులో పిల్లలకూ పెద్దలకూ సైన్సు చెప్పడం ఆయన సరదా. కొడవటిగంటి రోహిణీప్రసాద్ ముంబైలో భాభా అణుపరిశోధన కేంద్రంలో పనిచేశారు, సితార్ వాయించారు, మధ్యలో అంతరిక్షం మీదా జీవపరిణామం మీదా సంగీతం మీదా తెలుగు వ్యాసాలు రాస్తూపోయారు. వేమూరి వేంకటేశ్వరరావు కాలిఫోర్నియాలో కంప్యూటర్ సైన్సు ప్రొఫెసర్‌గా పనిచేశారు. రసాయనశాస్త్రం, జీవశాస్త్రం, గణితం ఇవన్నీ తెలుగులో చెప్పవచ్చునని పట్టుబట్టి చెప్పడమే కాక, నిఘంటువు కూడా కూర్చారు.

వీళ్ళెవరికీ ఈ రాతల మీద ఇల్లు గడవలేదు. గడవనక్కర కూడా లేదు. పత్రికలు ఇచ్చే పారితోషికం ఎప్పుడూ కాఫీ ఖర్చుకు కొంచెం ఎక్కువ, కరెంటు బిల్లుకు కొంచెం తక్కువ. మరి ఎందుకు రాసినట్టు? భాషాసేవ అని మనం పెద్దమాట వాడేస్తాం. ఆ మాట సన్మానపత్రంలో బాగుంటుంది గానీ, ఆదివారం మధ్యాహ్నం కునుకు మానేసి లెక్కలు వేసుకునే మనిషిని అక్కడ కూర్చోబెట్టేది సేవాభావం ఒక్కటే కాదని నా నమ్మకం. కూర్చోబెట్టేది కుతూహలం. తనకు తెలుసనుకున్నది ఎదుటివాడికి చెప్పబోయేసరికి ఎక్కడో తెగుతుంది. ఆ తెగినచోట దారం అందుకోవడంలో ఉన్న ఆనందం ఒకసారి రుచి చూసినవాళ్ళు వదలరు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అధికమాసం గురించి మీరు ఒక వ్యాసం రాయాలనుకున్నారు. 2023లో అధిక శ్రావణం వచ్చింది, 2026లో అధిక జ్యేష్ఠం. పంచాంగం చూసే ఇంట్లో పుట్టినవాళ్ళందరికీ తెలిసిన విషయమే. మొదటి పేరా సాఫీగా సాగిపోతుంది. అమావాస్య నుంచి అమావాస్యకు సగటున 29న్నర రోజుల పైచిలుకు. అలాంటి 12 నెలలు కలిపితే 354 రోజులు. సూర్యుణ్ణి పట్టుకుని లెక్కవేసే సంవత్సరం 365 రోజుల చిల్లర. ఏడాదికి దాదాపు 11 రోజుల తేడా. ఆ తేడా రెండేళ్ళ ఎనిమిది నెలలు దాటేసరికి ఒక నెలంత అవుతుంది. అప్పుడు ఒక నెల అదనంగా చేరుస్తారు. 19 ఏళ్ళలో ఇలాంటివి 7 వస్తాయి. చేర్చకపోతే ఏమవుతుందో చూడాలంటే రంజాన్‌ను చూస్తే చాలు. హిజ్రీ సంవత్సరంలో అధికమాసం లేదు కాబట్టి రంజాన్ ఏడాదికి పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ 33 ఏళ్ళలో అన్ని రుతువులూ చుట్టివస్తుంది. హైదరాబాద్‌లో హలీం బట్టీలు ఒక ఏడు వానల్లో, కొన్నేళ్ళకు మండుటెండల్లో వెలిగేది అందుకే.

ఇక్కడితో వ్యాసం అయిపోయినట్టే ఉంటుంది. చాలామంది ఇక్కడే ఆపేస్తారు కూడా. కానీ పది మంది చదువుతారన్న భయం ఒకటి ఉంటుంది కదా, అది ఇంకో ప్రశ్న వేయిస్తుంది. సరే, అధికమాసం ఏ నెలకు రావాలో ఎవరు తేల్చారు? శ్రావణమే ఎందుకు? నియమం ఏమిటా అని వెతికితే దొరుకుతుంది. సూర్యుడు ఒక రాశి నుంచి ఇంకో రాశిలోకి మారడం సంక్రమణం. ఒక చాంద్రమాసంలో, అంటే ఒక అమావాస్యకూ మరో అమావాస్యకూ నడుమ, సంక్రమణం అసలు జరగకపోతే అది అధికమాసం. దాన్ని ఎవరూ కూర్చుని నిర్ణయించనక్కర్లేదు, ఆకాశమే నిర్ణయిస్తుంది.

ఇక అసలు చిక్కు. 2012లో అధిక భాద్రపదం, 2015లో ఆషాఢం, 2018లో జ్యేష్ఠం, 2020లో ఆశ్వయుజం. పాత పంచాంగాలు తిరగేస్తే దాదాపు అన్నీ ఈ చుట్టుపక్కలే. అధిక పుష్యం ఎక్కడా కనబడదేం? దీనికి జవాబు చెప్పాలంటే పంచాంగం కట్టేసి భూమి కక్ష్య దగ్గరికి వెళ్ళాలి. జనవరి మొదట్లో భూమి సూర్యుడికి బాగా దగ్గరగా, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. జూలై మొదట్లో 15.2 కోట్ల కిలోమీటర్లు. దగ్గరగా ఉన్నప్పుడు భూమి వేగం ఎక్కువ. అందుకని చలికాలంలో సూర్యుడు ఒక రాశిని 29న్నర రోజుల్లో దాటేస్తే, మిథునరాశిలో 31న్నర రోజులు ఉంటాడు. వేసవి, వానాకాలాల్లో సౌరమాసం పొడుగు కాబట్టి, సంక్రమణం తగలని చాంద్రమాసం అక్కడ సులువుగా ఇముడుతుంది. చలికాలంలో ఇమడదు. ధనుర్మాసం 29 రోజులకే ముగిసే ఏడు తిరుప్పావై 30 పాశురాల్లో రెండింటిని ఒకేరోజు చదువుకోవలసి రావడం కూడా ఈ లెక్కే.

పైగా, దీనికి తిరగబడిన సంగతి ఒకటుంది. చలికాలంలో సౌరమాసం చాంద్రమాసం కన్నా పొట్టిదైతే ఒకే చాంద్రమాసంలో రెండు సంక్రమణాలు పడవచ్చు. అప్పుడు ఒక నెల పేరే ఎగిరిపోతుంది. అది క్షయమాసం. 1963-64లో వచ్చింది, మళ్ళీ 1982-83లో వచ్చింది. ఈ శతాబ్దంలో లేదు. క్షయమాసం వచ్చిన ఏడు దానికి అటూ ఇటూ రెండు అధికమాసాలు వచ్చి లెక్క సరిచేస్తాయి.

చూశారా, అధిక శ్రావణంతో మొదలైన వ్యాసం గ్రహగతుల దాకా వెళ్ళింది. చదివేవాళ్ళు దీన్ని పది నిమిషాల్లో చదివేస్తారు. రాసేవాళ్ళకు మాత్రం దాని వెనక పది సాయంత్రాల పని. ఆ తరవాత ఏ డైరీలో ఏ పండుగ తేదీ చూసినా వాళ్ళ కంటికి ఇంకోలా కనిపిస్తుంది. ఈ అలవాటు ఇచ్చే జీతం అదే.

తీరిక వేళల్లో రాయడంలో ఇంకో సుఖం, గడువు లేకపోవడం. పత్రికాఫీసులో కూర్చున్న మిత్రుడికి సాయంత్రంలోగా పేజీ నిండాలి. మనకు ఆ బెడద లేదు. ఒక అంకె మీద అనుమానం వస్తే వారం ఆగవచ్చు, గ్రంథాలయానికి వెళ్ళవచ్చు, ఆ రంగం తెలిసిన పెద్దాయన్ను పట్టుకుని అడగవచ్చు. గడువు లేనివాడు తప్పు రాస్తే మరి సాకు కూడా ఉండదు. ముఖ్యంగా ఒక విషయంలో జాగ్రత్త కావాలి. మూడు పుస్తకాల్లో ఒకే మాట ఉన్నంతమాత్రాన అది మూడుసార్లు రుజువైనట్టు కాదు. రెండోది మొదటిదాన్నీ, మూడోది రెండోదాన్నీ చూసి రాసినవి కావచ్చు. మన ఊళ్ళ చరిత్రలూ గుళ్ళ చరిత్రలూ చాలావరకు ఇలా చేతులు మారినవే. శాసనం ఉందంటే ఏ శాసనం, ఎక్కడుంది, ఎవరు చదివారు అని అడగాలి. జవాబు దొరక్కపోతే ఆ వాక్యాన్ని కొట్టేయడమే మేలు. కొట్టేసిన వాక్యం మీద మమకారం చావడానికి కొంత కాలం పడుతుంది, అంతే.

రాసింది అర్థమవుతుందో లేదో తేల్చుకోవడానికి ఇంట్లో పదో తరగతి పిల్లను మించిన పరీక్ష లేదు. చదివి వినిపించండి. ఎక్కడ ఫోన్ వైపు చూసిందో అక్కడ మీరు పాండిత్యం చూపించారన్నమాట. అచ్చవుతుందా లేదా అన్నది తరవాతి మాట. సంపాదకులు తిప్పిపంపినా, మీరు తెలుసుకున్నది మీ దగ్గరే ఉంటుంది.

ఏం రాయాలి అని అడిగేవాళ్ళకు నా జవాబు ఒకటే. పుస్తకాల్లో ఉన్నదాన్ని తిరగరాయడానికి చాలామంది ఉన్నారు. మీ వృత్తిలో మీరు రోజూ చూసేదీ, బయటివాళ్ళకు తెలియనిదీ రాయండి. వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు గుర్రుమంటుందో ఏ లైన్‌మన్ అయినా రాస్తే బాగుండును. కరెంటు సెకనుకు 50 సార్లు ఇటూ అటూ తిరిగితే లోపలి ఇనుప రేకులు 100 సార్లు కంపిస్తాయనీ, ఆ మోతే మనకు వినిపిస్తుందనీ ఆయన చెప్పగలిగినట్టు నేను చెప్పలేను. బోరు వేసేవాళ్ళు, పట్టు రీలింగు చేసేవాళ్ళు, ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్ళు, పోస్టాఫీసులో ముప్పై ఏళ్ళు ఉత్తరాలు వేరుచేసి రిటైరైనవాళ్ళు, వీళ్ళ దగ్గర ఉన్న సమాచారం ఏ విజ్ఞాన సర్వస్వంలోనూ లేదు. పింఛను మొదలైనవాళ్ళయినా, రోజుకు అరగంట తీరిక ఉన్నవాళ్ళయినా ఒక నోటుపుస్తకం కొనుక్కుని మొదలుపెట్టండి. మొదటి వ్యాసం ఏ పత్రికకు పంపాలా అని ఇప్పుడే ఆలోచించకండి, ముందు రాయండి.