నాయకునిపై అవిశ్వాసము: సభలోనా, గదిలోనా?

మంత్రివర్గము శాసనసభ విశ్వాసముపై నిలుచునని రాజ్యాంగశాస్త్రము నెఱిగినవారు చెప్పుదురు. అది సత్యమే. కాని యనుభవమున చూచినచో ప్రభుత్వాధిపతి పదవికి రెండు ఆధారములు కలవు. ఒకటి సభ విశ్వాసము. రెండవది స్వపక్షము విశ్వాసము. మొదటిదానికి నియమములు కలవు, వోట్లు లెక్కింపబడును, ఆ లెక్క సభాపుస్తకమున కెక్కును. రెండవదానిని గూర్చి రాజ్యాంగము మౌనము వహించును. అయినను, సభలో అధికసంఖ్యాబలము గల ప్రభుత్వములయందు అధికారము చేతులు మాఱుట తఱచుగా ఈ రెండవ యాధారము కదలుటచేతనే జరుగుచున్నది. ప్రతిపక్షము కదల్పజాలని నాయకుని స్వపక్షమే కదల్చును. అట్టి సమయమున ప్రజలు అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. ఆ తీర్పు ఎచ్చట చెప్పబడినది? తెఱచిన సభలోనా, మూసిన గదిలోనా?

చెన్నపట్టణపు తెలుగువారి కీ ప్రశ్న క్రొత్తది కాదు. 1947వ సంవత్సరము మార్చి నెలలో టంగుటూరి ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము తొలగిన తీరు దీనికి చక్కని యుదాహరణము. 1946లో జరిగిన యెన్నికలలో మదరాసు శాసనసభలోని 215 స్థానములలో 163 కాంగ్రెసుకు దక్కినవి. ఇంతటి బలమున్న పక్షమునకు ప్రతిపక్షమువలన భయమేమి? భయమంతయు లోపలనే యుండెను. కాంగ్రెసు అధిష్ఠానవర్గము చక్రవర్తి రాజగోపాలాచారిగారిని నాయకునిగా కోరెను. రాష్ట్రమందలి సభ్యులలో హెచ్చుమంది అందుకు సమ్మతింపరైరి. తుదకు ప్రకాశంగారికిని, సి. ఎన్. ముత్తురంగ మొదలియారుగారికిని పోటీ జరిగెను. ప్రకాశంగారికి 82 వోట్లును, మొదలియారుగారికి 69 వోట్లును వచ్చినవి. రాజాజీగారి యనుయాయులు తటస్థులుగా నుండిరి.

ఈ లెక్క నొకసారి ఆలోచింపవలెను. పదుమూడు వోట్ల తేడాతో లభించిన నాయకత్వము అది. తటస్థముగా నున్నవారు మిత్రులు కారు. ఓడినవారు వైరము విడిచినవారును కారు. మొదలియారుగారి వెనుక నిలిచిన కామరాజునాడారుగారు 1940 నుండియు తమిళనాడు కాంగ్రెసునకు అధ్యక్షులు. ఆంధ్రులలోనైనను ఏకీభావము లేదు. పట్టాభి సీతారామయ్యగారి వర్గము వేఱు, ప్రకాశంగారి వర్గము వేఱు. 1946 ఏప్రిలు 30వ తేదీన ప్రకాశంగారు ప్రమాణస్వీకారము చేసినపుడు కాంగ్రెసు బలమంతయు ఆయన వెనుక నున్నట్లు బయటివారికి తోచియుండవచ్చును. నిజమునకు ఆ బలములో కొంతభాగమే ఆయనది.

ఆయన పరిపాలనయందు వివాదములు లేకపోలేదు. గ్రామములు ఖద్దరుతో తమ బట్ట తామే నేసికొనవలెనని తలచి, క్రొత్త బట్టల మిల్లులను రానీయననియు, ఉన్నవానిని పెరుగనీయననియు ఆయన పట్టుపట్టిరి. ఫిర్కా అభివృద్ధి పథకమును ప్రారంభించిరి. ఆహారధాన్యముల పంపిణీని వర్తకుల చేతినుండి తీసి ఉత్పత్తిదారుల, వినియోగదారుల సహకారసంఘముల కొప్పగింప యత్నించిరి. 1947 జనవరిలో ఆర్డినెన్సు జారీచేసి కమ్యూనిస్టులను నిర్బంధించిరి. మిల్లుల విషయమున ఆయన నీతిని హర్షించినవారు కలరు. యుద్ధానంతరపు బట్టకఱవులో అది మూర్ఖత యని నిందించినవారును కలరు. ఇవి యన్నియు సభాముఖమున తేల్చుకొనదగిన విషయములే. వీనిలో దేనిపైననైనను ఆయనను సభలో నిలదీసి, అవిశ్వాసము ప్రకటించి, ఓడించియుండవచ్చును.

అట్లు జరుగలేదు. ఆయన శాసనసభలో ఓడి దిగినవారు కారు. స్వపక్షములో విశ్వాసము కోల్పోయి దిగినవారు. 1947 మార్చి 23వ తేదీన ఓమందూరు రామస్వామి రెడ్డియారుగారు ప్రధానులైరి. స్వాతంత్ర్యమునకు అయిదు నెలలు మిగిలియుండగా ప్రకాశంగారు పదవికి దూరమైరి.

అది తెలుగువారిని తమిళులు త్రోసివేసిన కథ యని ఆ దినములలో చాలమంది తెలుగువారు నమ్మిరి. నేటికిని అట్లు చెప్పుకొనువారు కలరు. ఆ నమ్మకములో సగము సత్యము లేకపోలేదు గాని, సగము సత్యము చాలదు. క్రొత్త ప్రధాని రెడ్డియారుగారు చిరకాలముగా తమిళదేశమున స్థిరపడిన తెలుగు మూలములు గల రెడ్డికులమువారు. ఆయన మంత్రివర్గమున బెజవాడ గోపాలరెడ్డిగారును, కళా వెంకటరావుగారును చేరిరి. రెండేండ్లు గడచునప్పటికి రెడ్డియారుగారిపైనను పక్షమునకు విశ్వాసము సడలెను. 1949 ఏప్రిలు 6వ తేదీన పి. ఎస్. కుమారస్వామి రాజాగారు ఆ స్థానమునకు వచ్చిరి. ఆయన రాజపాళయపు తెలుగు రాజులవారు. 1946 నుండి 1949 వఱకు మూడేండ్లలో మువ్వురు ప్రధానులు. పక్షమొక్కటే, సభ యొక్కటే. ఈ మార్పులలో దేనికిని ప్రజల అనుమతి కోరబడలేదు.

న్యాయవాదవృత్తిలో నున్నవారి కొక సంగతి సులభముగా బోధపడును. న్యాయాధిపతి తీర్పు చెప్పునపుడు కారణములు వ్రాయును. ఓడినవాడు ఆ కారణములు చదివి, పై న్యాయస్థానమునకు పోవును. కారణములు లేని తీర్పుపై అపీలు చేయుట యెట్లు? పక్షపు సమావేశమున జరుగు పదవీచ్యుతి యిట్టి తీర్పే. ప్రకాశంగారు మిల్లుల నీతివలన పోయిరా, కమ్యూనిస్టుల నిర్బంధమువలన పోయిరా, వర్గవైరమువలన పోయిరా యని యడిగినచో ఎవరికి తోచిన సమాధానము వారు చెప్పుదురు. తీర్పు కలదు, తీర్పునకు కారణము మాత్రము ఏ పుస్తకమునను లేదు. ఆ లోటును వదంతి పూరించెను. వదంతి భాషావైరముగా మాఱెను.

ఆ ప్రకాశంగారికే మఱొకవిధమైన పరాజయము 1954లో సంభవించెను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడి ఆయన ముఖ్యమంత్రియైరి. పదుమూడు మాసములు గడచునప్పటికి, మద్యనిషేధ విషయమున ప్రభుత్వ మనుసరించిన నీతిని పురస్కరించుకొని, కర్నూలు శాసనసభలో అవిశ్వాస తీర్మానము వచ్చెను. 1954 నవంబరు 6వ తేదీన అది 69 వోట్లకు 68 వోట్లతో నెగ్గెను. ఒక్క వోటు! ఈసారి ఆయనను కూల్చినది స్వపక్షము కాదు, ప్రతిపక్షముల కలయిక. అయినను భేదము గమనింపదగినది. విషయమేమో అందఱికిని తెలియును. ఎవరెటు వోటు వేసిరో తెలియును. సభ రద్దయి, 1955లో ఎన్నికలు జరిగి, తుది తీర్పు ప్రజల చేతికి వచ్చెను. వారు కాంగ్రెసును, దానితో కలిసినవారిని గెలిపించిరి, గోపాలరెడ్డిగారు ముఖ్యమంత్రియైరి. ఓడినవారికిని గెలిచినవారికిని ఆ తీర్పును గూర్చి సందేహము మిగులలేదు. 1947 నాటి మార్పునకు అట్టి ముగింపు దొరకలేదు.

స్వపక్షమే నాయకునిపై విశ్వాసము కోల్పోయి, ఆ మాటను తెఱచిన సభలో చెప్పుట సాధ్యమా యని కొందఱు సందేహింపవచ్చును. సాధ్యమే. 1940 మే నెల 7, 8 తేదీలలో బ్రిటిషు కామన్సు సభయందు జరిగిన నార్వే చర్చ అందులకు నిదర్శనము. నార్వేలో బ్రిటిషు సేనలు భంగపడి వచ్చుచున్నవి. ప్రధాని నెవిల్ చేంబర్లేను పక్షమునకు సభలో రెండువందలకు పైబడిన ఆధిక్యము కలదు. అయినను ఆయన పక్షమువారే యగు లియో ఏమరీ లేచి ప్రధాని పదవి వదలవలెనని ముఖముమీదనే చెప్పెను. నౌకాసేనాపతి రోజరు కీసు తన యూనిఫారము ధరించివచ్చి విమర్శించెను. వోట్లు లెక్కించునప్పటికి ప్రభుత్వమునకు 281, ఎదురుగా 200. లెక్కప్రకారము చేంబర్లేను గెలిచెను. కాని రెండువందలు దాటిన ఆధిక్యము 81కి పడిపోయినది. స్వపక్షీయులలో నలువదిమందికి పైగా ఎదురువోటు వేసిరి. మఱికొందఱు వోటు వేయక యుండిరి. మే 10వ తేదీన చేంబర్లేను రాజీనామా చేసెను. చర్చిలు ప్రధాని యయ్యెను.

అది మహాయుద్ధసమయము. శత్రువు వాకిట నుండగా ఇంటిగుట్టు బయటపెట్టరాదని వాదించుటకు అంతకన్న తగిన యదను దొరకదు. అయినను ఆ సభ్యులు బహిరంగముగా మాటలాడిరి, బహిరంగముగా వోటు వేసిరి. దానివలన దేశము చెడలేదు. చర్చిలు చేంబర్లేనును తన యుద్ధమంత్రివర్గమున ఉంచుకొనెను. బహిరంగముగా జరిగిన కలహము బహిరంగముగానే ముగిసెను.

పక్షములోపలనే తేల్చుకొనుట యెల్లపుడు దోషమని మా యభిప్రాయము కాదు. 1990 నవంబరులో మార్గరెట్ థాచరును కన్సర్వేటివు పక్షమే తొలగించెను. పోటీలో ఆమెకు 204 వోట్లు, ప్రత్యర్థికి 152. ఆమెకే హెచ్చు, కాని పక్షనియమము కోరిన తేడాకు నాలుగు వోట్లు తగ్గెను. కొలది దినములలో ఆమె తప్పుకొనెను. అచట నియమము ముందే వ్రాయబడియుండెను. అంకెలు లోకమునకు తెలిసెను. నాయకుని మార్చు హక్కు పక్షమునకు లేదనువారు లేరు. ఆ హక్కును ఏ పద్ధతిని వినియోగింపవలెనన్నదియే వివాదము.

మన దేశమున నేటి శాసనము ఈ సమస్యను మఱింత చిక్కుపఱచినది. 1985లో 52వ సవరణ ద్వారా రాజ్యాంగమునకు పదవ షెడ్యూలు చేరినది. పక్షపు విప్పును ధిక్కరించి సభలో వోటు వేసినవాడు, పదునైదు దినములలో పక్షము క్షమింపనిచో, సభ్యత్వము కోల్పోవును. సభ్యులను కొనుట, అమ్ముట అరికట్టవలెనన్న ఉద్దేశము మంచిదే. 1992లో సుప్రీముకోర్టు దానిని సమర్థించెను. కాని ఫలిత మేమైనది? ఏమరీ చేసిన పని నేడు మన సభ్యుడు చేసినచో పదవి పోవును. తన నాయకునిపై విశ్వాసము లేదని సభలో చెప్పుట నేరము; హోటలుగదిలో చెప్పుట నేరము కాదు. అందుచే అసంతృప్తి యంతయు గదులలోనికి ప్రవహించుచున్నది.

1989 ఏప్రిలులో కర్ణాటక ముఖ్యమంత్రి ఎస్. ఆర్. బొమ్మైగారికి తమ మద్దతు లేదని 19 మంది శాసనసభ్యుల లేఖలు గవర్నరుకు చేరినవి. వారిలో ఏడుగురు మఱల మద్దతు తెలిపిరి. అయినను సభలో బలము పరీక్షింపకయే ప్రభుత్వము బర్తరఫు చేయబడెను. మంత్రివర్గ బలమును తేల్చుటకు తగిన చోటు సభ గాని రాజభవనము కాదని 1994లో సుప్రీముకోర్టు తొమ్మండుగురు న్యాయాధిపతుల ధర్మాసనము తీర్మానించెను. గవర్నరు గదికి ఆ తీర్పు తలుపు వేసెను. పక్షపు గది తలుపు మాత్రము అది తట్టలేదు.

మఱుసటి సంవత్సరముననే హైదరాబాదులో అది ఋజువైనది. 1994 డిసెంబరులో 294 స్థానములలో 216 గెలిచిన తెలుగుదేశము పక్షము, తొమ్మిది నెలలు తిరుగకయే, తనను స్థాపించిన నందమూరి తారకరామారావుగారిని విడిచెను. శాసనసభ్యులు వైస్రాయి హోటలులో బసచేసిరి. 1995 సెప్టెంబరు 1వ తేదీన నారా చంద్రబాబునాయుడుగారు ముఖ్యమంత్రిగా ప్రమాణము చేసిరి. సభలో విశ్వాసపరీక్ష ఆ తరువాతి మాట. అది పక్షమును రక్షించిన చర్య యని ఒకరును, నమ్మకద్రోహమని మఱొకరును నేటికిని వాదించుచున్నారు. 1947 నాటి వివాదమువలెనే ఇదియు తెగలేదు. ఒక తీర్పు న్యాయమైనదే కావచ్చును. కాని దాని కారణములు వాదప్రతివాదములతో సభాపుస్తకమున కెక్కనిచో, న్యాయమైనదని ఋజువు చేసికొనుట దానికే కష్టము.

కావున చేయవలసిన పని కష్టమైనది కాదు. ప్రతి పక్షమును తన నాయకుని ఎన్నుకొను విధమును, తొలగించు విధమును వ్రాసి ప్రకటింపవలెను. ఎందఱు కోరినచో సమావేశము జరుగునో, వోటు ఎట్లు లెక్కింపబడునో ప్రజలకు తెలియవలెను. తొలగింపబడు నాయకునికి సభలో తన మాట చెప్పుకొను అవకాశ మీయవలెను. క్రొత్త నాయకుడు వెంటనే సభ విశ్వాసము కోరవలెను. ఆ యొక్క వోటు విషయమున సభ్యుని అంతరాత్మకు విప్పు అడ్డురాకుండునట్లు పదవ షెడ్యూలు సవరింపబడవలెను. సభ్యుల కొనుగోలు పెరుగునని భయపడువారికి మా సమాధాన మొకటే: కొనుగోలు నేడు ఆగలేదు, చీకటిలోనికి పోయినది, అంతే.

శాసనసభ్యుని ఎన్నుకొన్నది ఓటరు; ఆ సభ్యుడు ఎవరిని గద్దెనెక్కించెను, ఎవరిని దింపెను, ఎందులకు దింపెను అను సంగతి ఓటరునకు తెలియవలసిన లెక్క. నాయకులు వత్తురు, పోవుదురు. ప్రకాశంగారివంటివారికే పదవి శాశ్వతము కాలేదు. పోవువాడు ఎందులకు పోయెనో ప్రజలకు తెలిసిననాడే ఆ పోకడ ప్రజాస్వామ్య మనిపించుకొనును. తెలియనినాడు అది గృహకలహము మాత్రమే. గృహకలహమునకు ప్రజల వోటుతో పనిలేదు.