ఏజెంటుకు కనిపించేది వివరణ ఒక్కటే

మొయినాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న ఓ పాఠకుడి ప్రశ్న ఇది. చేవెళ్ల రైతుల కోసం కూరగాయల ధరలు చూపే వెబ్‌సైటు అతని బృందం ప్రాజెక్టు. దాని సోర్స్ కోడ్ చదివి తప్పులు పట్టే ఏఐ ఏజెంటును కూడా తయారుచేసుకున్నారు. "టూల్ కోడ్‌ని ముట్టుకోలేదు సార్, దాని పక్కన రాసిన వివరణ మార్చామంతే. అప్పటిదాకా తడబడిన ఏజెంటు దారిలో పడింది. ఎందుకని?" అని అడిగాడు. అజీజ్‌నగర్, చిలుకూరు చుట్టుపక్కల అన్ని కాలేజీలున్నాయి కదా, ఇదే అనుమానం మరికొందరికీ వచ్చే ఉంటుంది.

ముందు రెండు ముక్కల్లో అసలు సంగతి. ఏజెంటు వెనకుండే భాషా మోడల్ తనంతట తాను ఏ ఫైలూ తెరవలేదు. ఫలానా టూల్‌ని ఫలానా విలువలతో నడపమని రాయగలదు, అంతే. బయటనున్న మామూలు ప్రోగ్రాం ఆ పని చేసి, ఫలితాన్ని తెచ్చి దాని ముందు పెడుతుంది.

ఇప్పుడు అసలు కిటుకు. ఆ టూల్ లోపలి కోడ్ మోడల్‌కి కనిపించదు. పేరు, నాలుగు వాక్యాల వివరణ, ఏయే విలువలు ఇవ్వాలో చెప్పే పట్టీ మాత్రమే దాని ముందుంటాయి. అవి కూడా మన ప్రశ్నతో పాటే, అదే పాఠంలో భాగంగా వెళ్తాయి. తర్వాత రాయవలసిన మాట ఏదన్నది మోడల్ ఆ మొత్తం పాఠాన్ని బట్టే తేలుస్తుంది. 'కోడ్‌లో వెతుకుతుంది' అని ఒక టూల్‌కీ, 'ఫైళ్లలో వెతుకుతుంది' అని ఇంకోదానికీ రాశామనుకోండి. రెంటికీ మొగ్గు ఇంచుమించు సమానమై, ఎంపిక గాలివాటమవుతుంది. అదే 'ఫైళ్ల లోపలున్న పాఠంలో, ఇచ్చిన పదాన్ని అక్షరం పొల్లుపోకుండా వెతుకుతుంది. ఫైలు పేర్లలో వెతకదు, అందుకు రెండో టూల్ వాడాలి' అని రాస్తే మొగ్గు ఒకవైపే తేలుతుంది. టూల్ ఏం చేయదో చెప్పిన ఆ చిన్న ముక్కే అన్నిటికన్నా విలువైనదని నా నమ్మకం.

ఈ ఆలోచనకు మనవాడొకరితో పాత చుట్టరికం ఉంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారం పంచుకున్న రాజ్ రెడ్డి బృందం 1970లలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో హియర్‌సే-2 అనే వ్యవస్థను కట్టింది. వెయ్యి మాటల పరిధిలో మనిషి మాట్లాడింది అర్థం చేసుకోవడం దాని పని. ధ్వనులకొక భాగం, పదాలకొకటి, వాక్యానికొకటి. అన్నీ ఒక ఉమ్మడి నల్లబల్ల మీద రాస్తాయి. మరి ముందు ఎవరి వంతు? పనికి దిగేముందు ప్రతి భాగం తరఫునా, అది దేని మీద పనిచేస్తుందో, ఎలాంటి మార్పు తేబోతోందో క్లుప్తంగా చెప్పే వివరణ ఒకటి వెళ్తుంది. వంతులు వేసే షెడ్యూలర్ అది చూసి నిర్ణయిస్తుంది తప్ప భాగం లోపలికి తొంగిచూడదు. ఇవాళ్టి టూల్ వివరణ పనీ అచ్చం ఇదే! కాకపోతే అక్కడ గట్టి చట్రంలో రాసేవారు, ఇక్కడ మామూలు భాషలో రాస్తున్నాం. అస్పష్టత దూరేది ఆ సందులోంచే.

పొరపడ్డవాళ్ల సంగతి చెప్పకపోతే వ్యాసం పూర్తికాదు. మనిషికి వీలుగా ఉన్న టూల్ ఏజెంటుకూ వీలేనని చాలామంది అనుకున్నారు. 2024లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు, కోడ్ సమస్యలు సరిచేసే ఎస్‌డబ్ల్యూఈ-ఏజెంట్ అనే ఏజెంటుతో దీన్ని పరీక్షించారు. మనం ఎడిటర్‌లో చేసినట్టు ఒక్కో ఫలితాన్నీ 'తర్వాతిది, తర్వాతిది' అంటూ చూసే వెతుకులాట ఇస్తే, ఏజెంటు 12 శాతం సమస్యలే పరిష్కరించింది. ప్రత్యేకమైన వెతికే టూలేదీ ఇవ్వకపోతే 15.7 శాతం! మొదటి పద్ధతిలో ఉన్న ఫలితాలన్నీ వరసపెట్టి చూస్తూ ఏజెంటు తన గడువంతా ఖర్చుపెట్టేసేది. అన్నిటినీ ఒకేసారి క్లుప్తంగా చూపి, 50 దాటితే ప్రశ్నను ఇంకాస్త కుదించమని చెప్పే టూల్ ఇచ్చేసరికి 18 శాతానికి చేరింది. మోడల్ మాత్రం మారలేదు. కుదించమనే ఆ మాట కూడా నా లెక్కలో వివరణలో భాగమే, కాకపోతే అవసరం పడ్డప్పుడు కనబడుతుంది.

అదే ఏడాది డిసెంబరులో ఆంత్రోపిక్ సంస్థ ఇలాంటి అనుభవమే రాసింది. వాళ్ల ఏజెంటు మూల ఫోల్డరు వదిలి వేరే ఫోల్డరులోకి వెళ్లాక, ఫైలు దారిని అక్కడినుంచి లెక్కగట్టి ఇవ్వడంలో తప్పులు చేసేది. ప్రతిసారీ మొదటినుంచి పూర్తి దారే ఇవ్వాలని టూల్‌ని మార్చారు. తప్పులు ఆగాయి. తప్పు చేయడానికే వీల్లేకుండా టూల్ అడిగే విలువను మార్చడం నాకు ఎంతగానో నచ్చిన ఉపాయం.

ఉపయోగాలంటారా? పాత కోడ్ అర్థం చేసుకోవచ్చు, ధర తప్పు చూపిస్తున్న ఫంక్షన్‌ని పట్టుకోవచ్చు. నా గోడల్లా వేరు. విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టుల్లో వాడిన మోడల్ పేరు మొదటి పేజీలోనే కనబడుతుంది, టూల్ వివరణలు మాత్రం ఎక్కడా కనబడవు. వైవాలో వాటిని అడిగేవారూ అరుదు. మొయినాబాద్ మిత్రుడికి నేను చెప్పేదొకటే: పాత వివరణను చెరిపేయకుండా కోడ్‌తో పాటే దాచండి. మార్చిన ప్రతిసారీ మీ వెబ్‌సైటులోని అవే తప్పుల్ని మళ్లీ ఏజెంటుకిచ్చి, ఎన్ని పట్టిందో, ఏ టూల్‌ని ఎన్నిసార్లు పిలిచిందో రాసుకోండి. ఆ పట్టికను రిపోర్టు మొదటి పేజీలో పెట్టండి.