పాత నోటు ముందే చించకండి

కంప్యూటర్ ప్రోగ్రాము ఎలా నడవాలో చెప్పే అమరికలను చాలాచోట్ల మామూలు టెక్స్ట్ ఫైలులోనే దాస్తారు. వరుసకొక పేరు, సమాన గుర్తు, విలువ: "మోటారు_గంట = 9". మనిషీ చదవగలడు, యంత్రమూ చదవగలదు.

చిక్కల్లా మార్చేటప్పుడే. 9 కాస్తా 10 అయితే ఒక అక్షరం ఎక్కువ, నడుమ చోటుండదు. అందుకని ఫైలంతా తిరగరాస్తాం. రాయడానికి తెరవగానే పాతదంతా చెరిగిపోతుంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోతే?

మా పొలం మోటారుకు నేను రాసిన ప్రోగ్రాములో అదే జరిగింది. ఫైలు ఖాళీ. నేను హాస్టల్లో ఉన్నాను. మూడు రోజులు మోటారు తిరగలేదు, నారుమడి నెర్రెలిచ్చింది. నాన్న తిట్టలేదు. "కొత్త నోటు మీద సంతకం పడకుండా షావుకారు పాత నోటు చించుతాడట్రా?" అన్నాడు.

మందు ఆ మాటలోనే ఉంది. కొత్త విలువలను అదే డైరెక్టరీలో వేరే ఫైలుగా రాయాలి. ఎఫ్‌సింక్‌తో డిస్కుకు చేర్చాలి. ఆ తర్వాతే రీనేమ్‌తో దానికి పాత పేరు పెట్టాలి. 1983లో వచ్చిన 4.2 బి.ఎస్.డి. యూనిక్స్ నాటినుంచీ ఈ రెండు సదుపాయాలూ ఉన్నాయి. చదివే ప్రోగ్రాముకు పాత ఫైలో కొత్త ఫైలో పూర్తిగా దొరుకుతుంది. సగం రాసింది దొరకదు.

మిత్రులారా, పెద్ద డేటాబేసుల జోలికి పోయేముందు ఈ చిన్న జాగ్రత్త నేర్చుకుందాం. నాకు నేర్పింది మాత్రం ఎండిన నారు.