నాచు పెంచితే.. ప్రాజెక్టు పండినట్టే!

'ఏం ప్రాజెక్టు చేశారు?' అని ఇంటర్వ్యూలో అడిగితే చాలామంది టకటకా చెప్పేస్తారు. 'ఇబ్బంది ఎక్కడ వచ్చింది? దాన్ని ఎలా గుర్తించారు?' అనేసరికి గొంతులో పచ్చి వెలక్కాయ పడుతుంది. డబ్బులిచ్చి తెచ్చుకున్న ప్రాజెక్టులో ఇబ్బందులెందుకుంటాయి మరి! జువాలజీ, ఫిషరీస్, బయోటెక్నాలజీ, ఎన్విరాన్‌మెంటల్ విద్యార్థులు సొంత చేతులతో చేయదగ్గ ప్రాజెక్టు ఒకటుంది. ఉప్పునీటి ఆక్వేరియంలోని నీటిని నాచుతోనే శుభ్రం చేసే ఫిల్టర్. ఇంగ్లిష్‌లో ఆల్గే స్క్రబ్బర్ అంటారు. బిగించిన రోజునే ఇది పనిచేయదు. మూడు నాలుగు వారాలు సతాయిస్తుంది. ఉద్యోగార్థికి అసలు లాభం అక్కడే ఉంది.

ఆలోచన కొత్తదేం కాదు. అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థ శాస్త్రవేత్త వాల్టర్ ఏడీ కరీబియన్ సముద్రంలో పగడపు దిబ్బల్ని పరిశీలించారు. అక్కడ రాళ్లను అంటిపెట్టుకుని పొట్టి గడ్డిలా నాచు పెరుగుతుంది. చేపలు దాన్ని ఎప్పటికప్పుడు కొరుక్కు తింటుంటాయి. కొరికేకొద్దీ లేత నాచు వేగంగా మొలుస్తుంది, నీటిలోని పోషకాల్ని లాగేస్తుంది. ఇదే పద్ధతిని యంత్రంగా మార్చి ఆయన 1982లో పేటెంట్ పొందారు. ఆరిజోనాలోని బయోస్ఫియర్-2 కృత్రిమ సముద్రంలోనూ దీన్ని వాడారు. మీ ఫిల్టర్‌లో నాచును కొరికే చేప మీరే. వారానికోసారి గీకి తీసేయాలి, అంతే.

మేత ఎక్కడికి పోతుంది?

ముందు కాగితం మీద ఓ లెక్క. 100 లీటర్ల ట్యాంకులో రోజుకు అర గ్రాము మేత వేస్తున్నారనుకోండి. అందులో 40 శాతం ప్రొటీన్ ఉంటే 200 మిల్లీగ్రాములు. ప్రొటీన్‌లో సుమారు 16 శాతం నైట్రోజన్, అంటే 32 మిల్లీగ్రాములు. అదంతా నైట్రేట్‌గా మారితే దాదాపు 142 మిల్లీగ్రాములవుతుంది. లీటరుకు రోజుకు 1.4 మిల్లీగ్రాముల చొప్పున నెలకు 40 దాటిపోతుంది. చేప ఒంట్లో కొంత మిగులుతుంది కాబట్టి నిజంగా కనిపించేది ఇంతకంటే తక్కువే. కానీ దారి మాత్రం అదే. చేప విసర్జించే అమ్మోనియాను బ్యాక్టీరియా ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. మామూలు ఫిల్టర్ పని అక్కడితో ఆగిపోతుంది. నైట్రేట్ నీటిలోనే పోగవుతుంది, నీళ్లు మార్చడమే మార్గం. నాచైతే అమ్మోనియానూ నైట్రేట్‌నూ తిని ఒళ్లు పెంచుకుంటుంది. దాన్ని గీకి బయటపడేస్తే నైట్రోజన్ కూడా బయటికి పోయినట్టే.

ఈ లెక్కను బోర్డు మీద రాసి చూపించగలిగితే ఇంటర్వ్యూలో సగం గండం గడిచినట్టే.

చేయడం ఇలా

ఊలు అల్లికలకు వాడే గట్టి ప్లాస్టిక్ జాలీ ఒకటి తీసుకోండి. 15 సెంటీమీటర్ల వెడల్పు, అంతే పొడవు చాలు. నునుపుగా ఉంటే నాచు పట్టదు, జారిపోతుంది. పాత హాక్సా బ్లేడుతో రెండువైపులా గీకి గీకి, చేత్తో తడిమితే ముళ్లలా గుచ్చుకునేట్టు చేయాలి. చాలామంది బద్ధకించేది ఇక్కడే. పీవీసీ పైపుకు ఒకవైపు బిరడా బిగించి, కింది భాగంలో జాలీ వెడల్పుకు సరిపడా 3 మిల్లీమీటర్ల చీలిక కోయండి. జాలీని అందులో దూర్చి వేలాడదీస్తే, పంపు పోసిన నీళ్లు రెండు పక్కలా పల్చటి తెరలా జారి కింది తొట్టిలో పడతాయి.

పంపు విషయంలో పిసినారితనం వద్దు. జాలీ వెడల్పు ప్రతి అంగుళానికీ గంటకు 130 లీటర్లకు పైగా నీళ్లు పారాలన్నది అనుభవజ్ఞులు పాటించే లెక్క. 15 సెంటీమీటర్లకు గంటకు 800 లీటర్లు. పైపు ఎత్తుకెక్కేకొద్దీ ప్రవాహం తగ్గుతుంది కాబట్టి పెట్టె మీది అంకెను నమ్మకండి. బకెట్, స్టాప్‌వాచ్‌తో కొలవండి. ఇంట్లో పడున్న కూలర్ మోటారు పెట్టేద్దామనుకుంటారేమో! ఉప్పునీటికి లోపలి ఇనుప భాగాలు తుప్పుపడతాయి. ఉప్పునీటికి పనికొస్తుందని రాసి ఉన్న ఆక్వేరియం పంపే కొనాలి. రెండువైపులా ఎర్రటి గ్రో ఎల్‌ఈడీ లైట్లు, 660 నానోమీటర్లవైతే మంచిది. మొదట్లో రోజుకు 9 గంటలు వెలిగించి, నాచు పట్టాక పెంచుకుంటూ పోవచ్చు. ట్యాంకు లైటు ఆరిపోయాక రాత్రిపూట వీటిని వెలిగిస్తే, నాచు కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని పీహెచ్ మరీ పడిపోకుండా చూస్తుంది.

ఉప్పునీళ్లు, కరెంటు పక్కపక్కనే ఉన్నాయని మర్చిపోవద్దు. 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ లేకుండా స్విచ్ వేయకండి. వైరు ప్లగ్గు కంటే కిందికి వంగి పైకెక్కేట్టు ఉంచితే కారిన చుక్క నేల మీదే పడుతుంది.

నోటుపుస్తకమే అసలు ప్రాజెక్టు

ఫిల్టర్ పెట్టకముందే రెండు వారాలు కొలతలు తీసుకోండి. అవి లేకపోతే 'ఇది పనిచేసిందని ఎలా తెలుసు?' అన్న ప్రశ్నకు జవాబుండదు. మేత బరువు, అమ్మోనియా, నైట్రేట్, ఫాస్ఫేట్, ఉప్పు శాతం, ఉష్ణోగ్రత, మార్చిన నీళ్లు.. అన్నీ తేదీతో రాయాలి. ఆవిరైన నీటి బదులు మంచినీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. ఎందుకో ఆలోచించి పెట్టుకోండి, తప్పకుండా అడుగుతారు.

మొదటి వారంలో జాలీ మీద గోధుమరంగు పొర కనిపిస్తుంది. ఏమీ కావట్లేదని పీకేయకండి. తర్వాత పచ్చటి వెంట్రుకల్లాంటి నాచు వస్తుంది. నల్లగా, జిగటగా వస్తే పోషకాలు ఎక్కువై వెలుతురు చాలట్లేదని, పసుపుపచ్చగా మారితే వెలుతురే ఎక్కువైందని మొదటి అనుమానం. అలా అనుమానించి, ఒక్కటంటే ఒక్కటే మార్చి, వారం ఆగి ఏమైందో రాయండి. గీకిన నాచును ఎండబెట్టి తూకం వేయండి. ఒకసారి ఒకవైపే గీకితే, రెండోవైపు పని ఆగదు. ఎనిమిది వారాలకు ఒక గ్రాఫ్ తయారవుతుంది. అది కొండెక్కి దిగినా, అసలు దిగకపోయినా దిద్దకండి. దిగని గ్రాఫ్‌కు కారణం చెప్పగలిగినవాళ్లనే సీనియర్లు గుర్తుపెట్టుకుంటారు.

ఇది ఉద్యోగానికి ఎక్కడ పనికొస్తుందంటారా? రొయ్యల ఉత్పత్తిలో దేశంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. తీరం వెంబడి ఉన్న హేచరీల్లో రొయ్య లార్వాలకు మేతగా కీటోసిరోస్, థలాసియోసిరా లాంటి సూక్ష్మ నాచును పెంచుతారు, దానికోసం ప్రత్యేకంగా సెక్షనే ఉంటుంది. వెలుతురు, పోషకాలు, ఉప్పు శాతం గురించి మీ నోటుపుస్తకంలో ఉన్నదే వాళ్ల రోజువారీ పని. చెరువుల దగ్గరి నీటి పరీక్ష ల్యాబులు, వ్యర్థజలాల శుద్ధి ప్లాంట్లు, నీటిని తిప్పి తిప్పి వాడే ఆక్వాకల్చర్ యూనిట్లలోనూ నైట్రోజన్ లెక్క తప్పదు. ఈసీఈ, ఈఈఈ వాళ్లు జట్టుకడితే ఫ్లో సెన్సర్, థర్మామీటర్‌ను ఆర్డుయినో బోర్డుకు కలిపి, పంపు ఆగగానే ఫోన్‌కు మెసేజ్ వచ్చేలా చేయొచ్చు. రెజ్యూమెలో మాత్రం 'ఆక్వేరియం ప్రాజెక్టు' అని తేల్చేయకుండా ట్యాంకు ఎన్ని లీటర్లు, ఎన్ని వారాలు, నైట్రేట్ ఎంత నుంచి ఎంతకు వచ్చిందో ఒక్క వరుసలో రాయండి.

ట్యాంకు కొనే ముందు మీ డిపార్ట్‌మెంట్ ల్యాబులో ఖాళీది ఉందేమో కనుక్కోండి. చేపలు కావాలంటే హేచరీలో పుట్టిన క్లౌన్ ఫిష్ రెండు చాలు. బాగా చూసుకుంటే అవి పదేళ్లకు పైగా బతుకుతాయి. ఉద్యోగం వచ్చి మీరు ఊరు మారితే వాటికి మేత ఎవరు వేస్తారో జూనియర్లతో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి.