రక్షిత అటవీ ప్రాంతాలకు అంతర్జాతీయ సహాయం: పెరియార్, నాగరహొళె అనుభవాలు

ఉపోద్ఘాతం:

ప్రకృతి వారసత్వ ప్రాంతాల సంరక్షణకు విదేశీ సహాయం అనగానే సాధారణంగా నిధుల పరిమాణం చర్చకు వస్తుంది. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అన్న లెక్కలు అవసరమే. అయితే ఒకే పథకం కింద ఒకే కాలంలో నిధులు పొందిన రెండు అడవులలో ఫలితాలు భిన్నంగా ఉన్నప్పుడు, ఆ భేదానికి కారణాన్ని నిధుల పరిమాణంలో కాక మరొకచోట వెదకవలసి ఉంటుంది. ఈ దృష్టితో భారత పర్యావరణాభివృద్ధి పథకంలోని పెరియార్, నాగరహొళె అనుభవాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పథకం – స్వరూపం:

1996లో ఆమోదం పొంది 2004లో ముగిసిన ఈ పథకం దేశంలోని ఏడు రక్షిత ప్రాంతాలలో అమలైంది. బక్సా, గిర్, నాగరహొళె, పలామూ, పెంచ్, పెరియార్, రణథంబోర్ ఆ ఏడు. మొత్తం అంచనా వ్యయం సుమారు 6.7 కోట్ల డాలర్లు. ఇందులో 2 కోట్ల డాలర్లు గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్ ఫెసిలిటీ ఇచ్చిన గ్రాంటు. ప్రపంచ బ్యాంకు అనుబంధ సంస్థ అయిన అంతర్జాతీయ అభివృద్ధి సంఘం సమకూర్చిన 2.8 కోట్లు మాత్రం దీర్ఘకాలంలో తీర్చవలసిన అప్పు. ‘సహాయం’ అన్న మాట ఈ రెండింటినీ ఒకే గాటన కట్టివేస్తుంది.

పథకం వెనుక ఉన్న తర్కం సరళమైనది. అడవిపై ఆధారపడిన గ్రామాలకు ప్రత్యామ్నాయ జీవనోపాధి చూపితే అడవిపై ఒత్తిడి తగ్గుతుంది. ప్రతిఫలంగా గ్రామస్థులు సంరక్షణకు కట్టుబడాలి. గ్రామ పెట్టుబడిలో నాలుగోవంతు తమ వాటాగా సమకూర్చుకోవాలి.

పెరియార్‌లో ఈ తర్కం చాలావరకు ఫలించింది. కేరళ–తమిళనాడు సరిహద్దులోని ఈ అరణ్యంలో అక్రమంగా దాల్చినచెక్క ఒలుచుకుపోయే ముఠాకు చెందినవారు తమపై ఉన్న కేసుల నుంచి విముక్తి లభిస్తుందన్న అవగాహనతో లొంగిపోయి, ఒక పర్యావరణాభివృద్ధి కమిటీగా ఏర్పడ్డారు. అడవిలోని దొంగదారులు వారికి తెలిసినంతగా అటవీ సిబ్బందికి తెలియవు. ఆ ఎరుకే వారికి కొత్త వృత్తి అయింది: పర్యాటకులను అడవిలోకి నడిపించడం, ఆ నడకలోనే గస్తీ కాయడం. మన్నాన్ గిరిజనుల కథ వేరు. వారు పండించిన మిరియాలు అప్పుల కింద వ్యాపారుల పాలయ్యేవి. కమిటీ ద్వారా ఆ అప్పులు తీరి, పంటను నేరుగా అమ్ముకొనే వీలు కలిగింది. తెలుగు ప్రాంతాల నుంచి కూడా పెద్దసంఖ్యలో భక్తులు వెళ్లే శబరిమల ఈ అరణ్య పరిధిలోనిదే. ఆ యాత్రామార్గంలో దుకాణాల నిర్వహణ స్థానికుల కమిటీలకు దక్కింది. ఈ మూడు సందర్భాలలోనూ గమనించవలసిన అంశం ఒకటుంది. అడవితో ప్రజలకు ఉన్న సంబంధం తెగలేదు, దాని రూపం మాత్రమే మారింది.

నాగరహొళె – అభ్యంతరం:

కర్ణాటకలోని నాగరహొళెలో పరిస్థితి ఇందుకు భిన్నం. అక్కడ జేనుకురుబ, బెట్టకురుబ, యరవ తెగలవారు ఉద్యానవనం లోపలే నివసిస్తున్నారు. 1998లో ‘నాగరహొళె బుడకట్టు జనర హక్కు స్థాపనా సమితి’ ప్రపంచ బ్యాంకు తనిఖీ మండలికి ఫిర్యాదు చేసింది. తమను సంప్రదించకుండానే పథకాన్ని రూపొందించారనీ, బ్యాంకు సొంత విధానం ప్రకారం ఉండవలసిన గిరిజనాభివృద్ధి ప్రణాళిక లేదనీ, గిరిజనులను అడవి నుంచి వేరుచేయడమే సంరక్షణ అన్న భావన పథకపు పునాదిలోనే ఉన్నదనీ ఆ ఫిర్యాదు సారాంశం. మండలి విచారణకు సిఫారసు చేసింది. బ్యాంకు కార్యనిర్వాహక డైరెక్టర్లు మాత్రం విచారణకు అనుమతించలేదు.

ఆ సమితి పేరు ప్రత్యేకంగా గమనింపదగినది. కన్నడంలో ‘బుడకట్టు జన’ అంటే గిరిజనులు. ‘హక్కు’ తెలుగువారికీ పరిచితమైన మాటే. అభివృద్ధి పథకాల పరిభాషలో ప్రజలు ‘లబ్ధిదారులు’. లబ్ధిదారుకు ఏమి ఇవ్వాలో దాత నిర్ణయించవచ్చు. హక్కుదారు విషయంలో ఆ వెసులుబాటు లేదు. దాల్చినచెక్క ముఠాకు పథకం ఇవ్వగలిగినది జీవనోపాధి, వారు కోరుకున్నదీ అదే. నాగరహొళెవాసులు కోరినది తాము పుట్టిన చోట ఉండే అధికారం. దానిని ఏ ప్రత్యామ్నాయ ఉపాధీ భర్తీ చేయలేదు.

పథకానంతరం:

విదేశీ సహాయానికి గడువు ఉంటుంది, అడవికి ఉండదు. ఈ ఇబ్బందిని పెరియార్ యంత్రాంగం ముందుగానే గుర్తించి, 2004లో పెరియార్ ఫౌండేషన్‌ను నెలకొల్పింది. సందర్శకుల ప్రవేశరుసుముపై విధించిన సర్‌చార్జి దానికి ఆదాయవనరు అయింది. 2006లో వన్యప్రాణి సంరక్షణ చట్టానికి జరిగిన సవరణ, ఇదే నమూనాలో ప్రతి పులుల అభయారణ్యానికీ ఒక ఫౌండేషన్ ఉండాలని నిర్దేశించింది. పర్యాటకులు అంతగా రాని అరణ్యాలకు ఈ నమూనా ఎంతవరకు సరిపోతుందన్నది వేరే చర్చ. పెరియార్‌కు సరస్సు ఉంది, పడవలు ఉన్నాయి, చేరువలో తేక్కడి ఉంది.

అదే సంవత్సరం డిసెంబరులో పార్లమెంటు అటవీ హక్కుల చట్టాన్ని ఆమోదించింది. నాగరహొళె ఫిర్యాదులోని ప్రధానమైన కోరికకు ఆ విధంగా చట్టంలో చోటు దక్కింది. 2012లో పశ్చిమ కనుమలలోని 39 ప్రాంతాలకు యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చినప్పుడు పెరియార్ వాటిలో ఒకటిగా నిలిచింది. నల్లమలలోని నాగార్జునసాగర్–శ్రీశైలం, అమ్రాబాద్ పులుల అభయారణ్యాలకు 2006నాటి ఈ రెండు చట్టాలూ వర్తిస్తాయి. అక్కడి చెంచు పెంటలు ఒకదాని దృష్టిలో పులుల ఆవాసంలోని జనవాసాలు, మరొకదాని దృష్టిలో హక్కుదారుల గ్రామాలు.