కద్మాలో నెట్ ఆగితే విద్యార్థి మాట ఏమవుతుంది?

2023 ఏప్రిల్ 9, ఆదివారం. అహ్మదాబాద్‌లో గుజరాత్‌పై చివరి ఓవర్‌లో కోల్‌కతా బ్యాటర్ రింకూ సింగ్ వరుసగా ఐదు సిక్సర్లు కొట్టాడు. సోషల్ మీడియాలో అదే చర్చ. ఆ సాయంత్రమే జంషెడ్‌పూర్‌లోని కద్మా శాస్త్రినగర్‌లో రెండు వర్గాలు ఘర్షణపడ్డాయి. అధికారులు 144వ సెక్షన్ విధించారు, మొబైల్ ఇంటర్నెట్ నిలిపివేశారు.

ఇలాంటప్పుడు ప్రభుత్వాలు చెప్పే కారణం వదంతుల కట్టడి. కానీ వాటితోపాటు క్రికెట్, కొత్త సినిమా, చాట్‌జీపీటీ గురించి కాలేజీ విద్యార్థులు సరదాగా రాసుకునే మాటలూ ఆగిపోతాయి.

మరి చట్టం గీత ఎక్కడ గీసింది? 2012లో ముంబై బంద్‌పై ఫేస్‌బుక్‌లో వ్యాఖ్యానించిన యువతినీ, దాన్ని లైక్ చేసిన స్నేహితురాలినీ పాల్ఘర్ పోలీసులు అరెస్టు చేశారు. దాంతో శ్రేయా సింఘాల్ అనే 21 ఏళ్ల యువతి సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2015 మార్చి 24న కోర్టు ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను కొట్టివేసింది. చర్చించడం, ఒక అభిప్రాయాన్ని సమర్థించడం హక్కు. రెచ్చగొట్టడం దాకా వెళ్తేనే అడ్డుకోవచ్చని చెప్పింది.

నెట్ నిలిపివేతకు ఈ తేడా తెలియదు. అందరి నోళ్లూ ఒకేసారి మూతపడతాయి. దీనికి హద్దులు పెట్టింది 2020 జనవరి 10 నాటి అనురాధా భసీన్ తీర్పు: నిరవధికంగా ఆపకూడదు, ఉత్తర్వులు ప్రచురించాలి. ఉత్తర్వు చేతికొస్తేనే కదా, పౌరులు కోర్టులో సవాలు చేయగలిగేది!

2024 సెప్టెంబర్‌లో ఉద్యోగ నియామక పరీక్ష కోసం ఝార్ఖండ్ ప్రభుత్వం నెట్ ఆపినప్పుడు ఆ సవాలు పనిచేసింది. వెంటనే పునరుద్ధరించాలని, తమ అనుమతి లేకుండా పరీక్షల పేరుతో ఆపరాదని హైకోర్టు ఆదేశించింది.